అమావాస్య నాటి బోల్టు

మా ఇంటి మగవాళ్ళకి ఒక గొప్ప ఉండేది. మా చేత్తో బిగించిన బోల్టు ఊడదు, అని. ఊడకపోవడం ఏం గొప్పో నాకు ఆ రోజుల్లోనూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. బిగించినవాడికి విప్పడం కూడా రావాలి కదా! ఆ మాట అంటే మా ఆయన, "నీకేం తెలుసే, తిత్తి ఊదు" అనేవాడు. నేను నోరు మూసుకుని కొలిమి తిత్తి ఊదేదాన్ని.

రాజమండ్రి నుంచి కడియం మీదుగా ద్రాక్షారామం పోయే రోడ్డు పక్కన, కాలువగట్టుకి దిగువన మా కమ్మరి వీధి. ఆరిళ్ళు, ఆరు కొలుములు. అన్నిటికన్నా మాది పాతది. మామగారి చేతుల మీదుగా నాగటి కర్రులు, కొడవళ్ళు, బండి చక్రాల పట్టాలు సాగేవి. మా ఆయన పెళ్ళికి ముందు రెండేళ్ళు ధవళేశ్వరంలో కార్ఖానా పని చేసి వచ్చాడు. అక్కడ మర తిరిగిన బోల్టులు, వాటికి నట్టులు చూసి వచ్చాడు. మామగారు వాటిని చేతిలో తిప్పి చూసి, "తిరిగి బిగిసేది తిరిగే ఊడుతుంది. మన గోతుల రోడ్డు మీద దీన్ని నమ్మడమేంట్రా?" అన్నారట. అందుకని నట్టు బిగించాక, పైకి మిగిలిన బోల్టు మూతిని కాల్చి, సుత్తితో గొడుగులా చదరగొట్టేసేవారు. మేకు మూతి మడిచి కొట్టడం తాతల నాటి అలవాటు కదా, బోల్టుకీ అదే మర్యాద చేశారు. ఇక ఆ నట్టు జన్మలో పైకి రాదు. రెండు జిల్లాల్లో ఇంకెవరూ చెయ్యరు ఇలాంటి పని. చెయ్యరంటే, బుద్ధున్నవాళ్ళు చెయ్యరని నా అర్థం.

మా వీధికి ఇంకో కట్టుబాటు ఉంది. అమావాస్య నాడు కొలిమి ముట్టించకూడదు. ముందు రోజు సాయంత్రమే బూడిద తీసి, పేడతో అలికి, కొలిమి గట్టు మీద ముగ్గు పెట్టాలి. సుత్తులు, ఉలులు, పట్టకార్లు కడిగి పసుపు రాసి కాళికమ్మ గూట్లో పెట్టాలి. వీధిలో అందరూ పాటించేవారు గానీ మా అత్త పాటించినట్టు ఎవరూ పాటించేవారు కాదు. ఆ రోజు కొలిమి మీంచి పిల్లి దాటినా ఊరుకునేది కాదు. "కార్ఖానాలో ఆదివారమే సెలవు. అమావాస్యకి అమ్మవారు అక్కడికి రాదా?" అని మా ఆయన వెక్కిరించేవాడు. "అక్కడ నీ తల్లి లేదు గనక రాలేదురా" అనేది మా అత్త.

నాకప్పుడు పందొమ్మిదేళ్ళు. ఆ ఇంటికి కాపురానికి వచ్చి నాలుగేళ్ళు. అత్తమంచీ వేముల తీపూ లేదని మా అమ్మ చెప్పి పంపింది, నేనూ అదే నమ్మి వచ్చాను. ఆవిడ పెట్టిన ముగ్గులో నేను చుక్క పెడితే చెరిపేసేది. నేను వండిన పులుసులో ఉప్పు చూసి ఏమీ అనకుండా మజ్జిగ పోసుకునేది. ఆ ఏమీ అనకపోవడమే నాకు మంట. నాలుగేళ్ళలో ఆవిడ నన్ను తిట్టిందీ లేదు, దగ్గరకి తీసిందీ లేదు.

అది శివరాత్రి మర్నాడు. మామగారు జాగారానికని ముందు రోజే నడిచి ద్రాక్షారామం వెళ్ళారు, ఇంకా రాలేదు. పొద్దు బారెడు ఎక్కిందో లేదో, నాలుగు చక్రాల గుర్రబ్బండి ఒకటి కుంటుకుంటూ వచ్చి మా వాకిట్లో ఆగింది. రాజమండ్రి ప్లీడరు గారొకరిది. భార్యనీ తల్లినీ భీమేశ్వరుడి దర్శనానికి తీసుకెళ్ళి తిరిగి వస్తున్నారు. జాతర రద్దీలో గోతిలో పడి వెనక చక్రం మీది కమాను పట్టీ ఒకటి విరిగింది.

కమాను అంటే ఏంటో చెప్పాలి, లేకపోతే తరవాత జరిగింది అర్థం కాదు. విల్లులా వంచిన ఇనప పట్టీలు ఏడు, ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టిన కట్ట అది. బండి పెట్టె బరువంతా దాని మీద ఊగుతుంది. ఆ కట్టని ఇరుసుకి బిగించి పట్టేవి రెండు బోల్టులు, ఇరుసుకి ముందు ఒకటి, వెనక ఒకటి. ఆ రెండూ విప్పితే పట్టీలు విడిపోతాయి. విరిగిన ముక్క తీసేసి, మిగిలిన ఆరూ మళ్ళీ బిగిస్తే మెల్లగా రాజమండ్రి చేరొచ్చు. రెండేళ్ళ కిందట ఆ బోల్టులు వేసింది మా ఆయనే. మూతులు చదరగొట్టిందీ మా ఆయనే. ఆ రోజు తిత్తి ఊదింది నేను.

"ఇవాళ అమావాస్యండి, కొలిమి ముట్టించరండి" అంది మా అత్త గుమ్మంలోంచి.

ప్లీడరు గారు పెద్దమనిషి. "అలాగే అమ్మా, నియమం నియమమే. కానీ ఆడవాళ్ళతో రోడ్డు మీద ఎలా ఉండను?" అన్నాడు.

మా ఆయనకి తెలివి పొంగుకొచ్చింది. "అమ్మా, నిప్పు ముట్టను. గూట్లో ఉన్న పనిముట్టు ఒక్కటీ ముట్టను. ఈ పానా నేను కార్ఖానా నుంచి తెచ్చుకున్నది, దీనికి నువ్వెప్పుడూ పసుపు రాయలేదు. దీంతో ఊరికే విప్పుతాను. కట్టడం పని గానీ విప్పడం పనెలా అవుతుంది?"

మా అత్త కొడుకు ముఖంలోకి చూసి, "నీ తెలివి తెల్లారినట్టే ఉంది" అని లోపలికి పోయింది.

నిజానికి ఆ పూట చెయ్యదగినవి రెండే ఉన్నాయి. నియమం పూర్తిగా పాటించి ప్లీడరు గారికి దండం పెట్టడం ఒకటి. కొలిమి ముట్టించి, బోల్టు మూతి ఎర్రగా కాల్చి, రెండు దెబ్బల్లో తెంపి పంపడం ఇంకొకటి. మావాడు రెండూ చెయ్యలేదు. దేవతనీ మోసం చెయ్యాలి, ఇనుమునీ మోసం చెయ్యాలి! ఇనుము ఎవరిచేతా మోసపోదు.

గుర్రాన్ని విప్పి, బండి పెట్టె కింద కొయ్యదిమ్మ పెట్టి ఎత్తారు. ముందు బోల్టు మూతి రోడ్డు రాళ్ళకి ఒరుసుకుని అరిగిపోయి ఉంది, అది గుంజగా గుంజగా ఊడింది. వెనకది కదల్లేదు. ముందు వైపు పట్టు పోయేసరికి పట్టీలు అటు కాస్త నోరు తెరిచాయి. విరిగిన ముక్క అందులోంచి వేలాడుతోంది.

"ఏమే, నేను పానాకి గునపం తగిలించి ఒక్క గుంజు గుంజుతాను. అప్పుడు సందు ఇంకాస్త తెరుచుకుంటుంది. నువ్వు వేళ్ళు పెట్టి ఆ ముక్క లాగెయ్యి" అన్నాడు.

"వేళ్ళెందుకండీ, పట్టకారుతో లాగుదాం" అన్నాను.

"పట్టకారు గూట్లో ఉంది" అన్నాడు.

చూశారా, ఆ ఒక్క మాట! పసుపు రాసిన పట్టకారు ముట్టకూడదు గానీ పసుపు రాసుకున్న పెళ్ళాం చెయ్యి పెట్టొచ్చు. నేనూ తక్కువదాన్ని కాదు, పెట్టాను. కుడిచెయ్యి చక్రం ఆకుల సందులోంచి లోపలికి పోనిచ్చి, చూపుడువేలు వదిలి మిగతా మూడు వేళ్ళూ ఆ సందులో దూర్చి ముక్క పట్టుకున్నాను. ఆయన గునపం మీద వేలాడాడు. పానా జారింది. గునపం వెళ్ళి కొయ్యదిమ్మకి తగిలింది. బండి ఒక్క పక్కకి కుంగి, తెరిచిన నోరు మూసుకుంది.

మొదట నొప్పి తెలియలేదు. వేళ్ళు వేడినీళ్ళలో పెట్టినట్టు అనిపించింది. తరవాత తెలిసింది. అయ్యబాబోయ్, ఎలా అరిచానో కాలువ అవతలి వాళ్ళు పరిగెత్తుకొచ్చారు.

నలుగురు పట్టి బండి ఎత్తారు. ఎత్తితే బరువు పోయి కమాను వెనక్కి వంగింది, వంగిన కొద్దీ పట్టీలు ఇంకా గట్టిగా కరిచాయి. "దించండి, దించండి!" అని ఏడ్చాను. దించితే మునుపటి నొప్పే మళ్ళీ. సందులో గునపం పెట్టి విప్పబోతే అది నా వేళ్ళ ఎముకల మీదే ఆనింది. ఇక మిగిలిన దారి ఒక్కటే, ఆ వెనక బోల్టు తెగాలి. అది తెగితే గానీ నా చెయ్యి రాదు. ఎంత ఆలస్యమైతే అంత చెయ్యి నాది కాకుండా పోతుంది. ఇది అక్కడున్న అందరికీ తెలుసు, నాకూ తెలుసు.

ప్లీడరు గారు ముందు, "అమ్మాయి చెయ్యి సంగతి చూడవయ్యా" అన్నాడు. కాసేపటికి, "పట్టీలు మాత్రం పాడవకుండా చూడు, మద్రాసు నుంచి తెప్పించినవి" అన్నాడు. చెడ్డవాడు కాదు. రెండు మాటలూ ఒకే మంచితనంతో అన్నాడు. నాకు మాత్రం రెండోదే గుర్తుండిపోయింది. కాసేపటికి కాలువలో పడవ దొరికితే ఆడవాళ్ళని ఎక్కించుకుని వెళ్ళిపోయాడు.

మా ఆయన ఇప్పుడు గూటి దగ్గరికి పరిగెత్తాడు. సుత్తి, ఉలి తెచ్చాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే. నట్టుకీ కమానుకీ మధ్య బోల్టు మెడ కొంచెం కనపడుతోంది, అక్కడ ఉలి ఆనించి కొట్టడం మొదలుపెట్టాడు. ప్రతి దెబ్బా నా భుజం దాకా వచ్చేది. పది దెబ్బలకి ఉలి మొన మడతపడింది. బోల్టు మీద గోరు గీసినంత గాటు పడింది. ఏరి ఏరి మంచి ఉక్కు బోల్టు వేశాడు కదా మహానుభావుడు.

ఉలికి మళ్ళీ మొన తియ్యాలంటే కాల్చాలి. కాల్చాలంటే కొలిమి ముట్టించాలి. అక్కడ అందరూ ఆగిపోయారు.

ఎదురింటి పెద్దాయన, మా వీధికి పెద్ద, వేళ్ళ మీద లెక్క వేసి, "అమావాస్య ఘడియలు పొద్దుగూకే దాకా ఉన్నాయి. దీపాల వేళకి పాడ్యమి వస్తుంది. అప్పుడు ముట్టించుకోండి, దోషం లేదు" అన్నాడు.

"మీ ఘడియలు నా వేళ్ళకి తెలీవండీ! ఇప్పుడే ముట్టించండి, మీకు దండం పెడతాను" అన్నాను. దండం పెట్టడానికి రెండో చెయ్యి లేదు.

ఇక మా ఆయన సంగతి చెబితే నమ్మరు. పొద్దున్న అమ్మవారికి తర్కం చెప్పిన మనిషి, ఎండ ఎక్కేసరికి ఆవిడకి బంటైపోయాడు. ఉలి కింద పడేసి, తల పట్టుకుని చక్రం పక్కన చతికిలబడ్డాడు. "నాదే తప్పే. అమ్మవారు చూపించింది. ఇప్పుడు నిప్పు కూడా ముట్టిస్తే ఇంకేం తీసుకుంటుందో. పాడ్యమి దాకా ఓర్చుకోవే" అన్నాడు. కళ్ళనీళ్ళు కారుతున్నాయి. ఆ ఏడుపు చూసి నాకు జాలి వెయ్యలేదు, ఒళ్ళు మండింది. ఎడమచేత్తో గుప్పెడు మట్టి తీసి ఆయన మీద విసిరాను. మొగుడి మీద మట్టి పోసిందని వీధి ఆడవాళ్ళు చాలా ఏళ్ళు చెప్పుకున్నారు.

అడకత్తెరలో పోకచెక్క అంటారు. ఆ మాట అంతకుముందు ఎన్నిసార్లు అన్నానో. పోకచెక్కనయ్యాక మళ్ళీ ఎప్పుడూ అనలేదు. కూర్చుంటే చెయ్యి పైకి లాగుతుంది, లేస్తే నడుము వంగదు. సగం మోకాళ్ళ మీద, చెంప చక్రానికి ఆనించి ఉన్నాను. చక్రానికి పూసిన కందెన, ఆముదం వాసన ముక్కులో. ముఖం మీద ఈగ వాలితే తల ఊపడమే. చుట్టూ ఇంతమంది ఉన్నారు, తక్కిన ఐదిళ్ళ సుత్తులు పసుపు రాసుకుని గూళ్ళలో కూర్చున్నాయి. ఒక్కటీ బయటికి రాలేదు. పక్కింటామె మజ్జిగ తెచ్చి నోట్లో పోసింది. అందరూ మంచివాళ్ళే. ఆ మంచివాళ్ళ మధ్య నేను కుడితిలో పడ్డ ఎలుకలా ఉన్నాను.

ఇంకొకటి చెప్పాలా వద్దా అని ఆలోచించాను. చెబుతాను, సిగ్గు పడాల్సింది నేను కాదు. కాసేపటికి నాకు ఒంటికి పోవలసి వచ్చింది. ఎవరికి చెప్పను? ఎలా లేవను? పళ్ళు బిగపట్టుకుని కళ్ళు మూసుకున్నాను. అంతసేపూ నా పక్కన కూర్చుని తాటాకు విసనకర్రతో విసురుతున్న మా అత్త నా ముఖం చూసి, ఏమీ అడక్కుండానే లేచింది. "మగాళ్ళందరూ కాలువగట్టు ఎక్కండి. చెప్పేదాకా దిగకండి" అంది. ఎదురింటి పెద్దాయనతో సహా లేచారు. లోపలికి వెళ్ళి రెండు పాత చీరలు తెచ్చి బండికి చుట్టూ కట్టింది, కుండ పెంకు తెచ్చి పెట్టింది. తరవాత నీళ్ళు పోసి, నా చీర సర్ది, మళ్ళీ విసనకర్ర పట్టుకుని కూర్చుంది. నాలుగేళ్ళలో ఆవిడ చెయ్యి నా ఒంటి మీద పడడం అదే మొదలు. నేను చెప్పలేదా అని ఒక్క మాట అనలేదు. అంటే బాగుండునని కూడా అనిపించింది, తిట్టుకోవడానికి ఒక మనిషి దొరికేది.

ఆవిడ కూడా అందరిలాగే పొద్దు చూస్తోంది. బండి నీడ పొట్టిదవుతోంది. ఇంకా మిట్టమధ్యాహ్నం కూడా కాలేదు, పాడ్యమి ఎక్కడ!

కొంతసేపటికి నొప్పి తగ్గింది. "తగ్గిందత్తయ్యా" అన్నాను, సంతోషంగానే. ఆవిడ విసనకర్ర ఆపింది. చక్రం సందులోంచి చెయ్యి పోనిచ్చి నా వేళ్ళు తడిమింది. అవి నేరేడుపళ్ళ రంగుకి వచ్చాయి. ఉంగరపువేలి గోరు మీద తన గోటితో గట్టిగా నొక్కింది.

"తెలుస్తోందా?"

"నొక్కారా?" అన్నాను.

ఆవిడ ముఖం చూసి నాకు అర్థమైంది.

మా అత్త లేచి నేరుగా వంటింట్లోకి వెళ్ళింది. బయటికి వచ్చేటప్పుడు చేతిలో పెంకు, పెంకు నిండా పొయ్యిలోని నిప్పులు. గట్టు మీంచి ఎదురింటి పెద్దాయన చూసి, "ఏమమ్మోయ్, ఏంటది? ఏం చేస్తున్నావు?" అని కేకవేశాడు. ఆవిడ ఆగలేదు. ముందు రోజు తను పెట్టిన ముగ్గు మీద నిలబడి, కాళికమ్మ గూటి వైపు తిరిగి మామూలు గొంతుతోనే చెప్పింది. "నలభై ఏళ్ళు నీ మాట విన్నాను. ఇవాళ ఒక్క పూట నా మాట విను. కోపమొస్తే నా మీద చూపించు, ఆ పిల్ల మీద కాదు."

పెంకు కొలిమిలో బోర్లించింది. బొగ్గులు పోసింది. తిత్తి తనే పట్టింది. అమావాస్య నాడు కమ్మరి వీధిలో పొగ లేచింది.

"లేవరా, ఉలి తీసుకురా" అంది కొడుకుతో. అమ్మవారికి భయపడ్డవాడు అమ్మకి ఇంకా ఎక్కువ భయపడ్డాడు. లేచాడు. ఉలి కాల్చాడు, దాగలి దిమ్మ మీద మొన తీశాడు, నీళ్ళలో ముంచాడు. ఆ చుయ్ మన్న చప్పుడు వింటే, నాలుగేళ్ళుగా రోజూ విన్నదే అయినా, ఏడుపొచ్చింది.

కానీ ఒంటిచేతి దెబ్బకి ఆ బోల్టు తెగదని ఇందాకే తేలింది, ఉలి పట్టేవాడొకడు, రెండు చేతులా కొట్టేవాడొకడు కావాలి. వీధిలో మగవాళ్ళెవరూ సుత్తి ముట్టరు. అందరికన్నా దగ్గరున్నది నా ఎడమచెయ్యే. "ఇటివ్వండి, నేను పడతాను" అన్నాను. బోల్టు మెడ మీద ఉలి ఆనించి పట్టుకున్నాను. కుడివేళ్ళకీ ఆ ఉలికీ మధ్య జానెడు దూరం. మా ఆయన సుత్తి ఎత్తాడు. దెబ్బ పక్కకి జారి నా బొటనవేలి తోలు లేచిపోయింది. మళ్ళీ ఎత్తబోయి, ఎత్తలేక దించేశాడు.

"ఇలా తే" అంది మా అత్త.

కొంగు నడుముకి బిగించింది. మామగారు పట్టకారు పడితే ముప్ఫై ఏళ్ళు సమ్మెట కొట్టిన మనిషి ఆవిడ, నేను కోడలిగా వచ్చాకే మానింది. "ఉలి వంక చూడు. నా వంక చూడకు" అంది నాతో. చూశాను. దెబ్బ పడింది. ఇంకోటి, ఇంకోటి. ఒక్కటీ గురి తప్పలేదు. ఎన్ని దెబ్బలో నాకు తెలియదు, చప్పుడు మారడం మాత్రం తెలిసింది. గణగణ మోగేది, డొల్లగా మోగింది. ఇంకో దెబ్బకి బోల్టు మూతి నట్టుతో సహా ఎగిరి కాలువగట్టున పడింది. పట్టీలు పెద్ద చప్పుడుతో విడిపోయాయి. నా చెయ్యి బయటికొచ్చింది.

వచ్చిన చెయ్యిని చూసి నేనే భయపడ్డాను. అది ఎవరిదో అనిపించింది. అరగంటకి నెత్తురు మళ్ళీ దిగడం మొదలుపెట్టాక వచ్చిన నొప్పి ముందు పొద్దున్నటి నొప్పి ఎందుకూ పనికిరాదు. "నొప్పి పుడుతోందా? పుట్టనీ, పుట్టనీ, మంచిదే" అంటూ మా అత్త నా తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

చిటికెనవేలు ఒక కణుపు పోయింది. మిగతా రెండూ వంకరగా బిగుసుకున్నాయి. మూడు నెలలు మా అత్తే అన్నం కలిపి ముద్ద పెట్టేది, తల దువ్వేది. ఊళ్ళో లూథరన్ మిషను బడి పంతులమ్మ గారు రోజూ వచ్చి కట్టు మార్చేది. కట్టు విప్పాక, వేళ్ళు ఆడించకపోతే కొయ్యబారిపోతాయని, ఒక పలకా బలపమూ ఇచ్చి, "ఊరికే గీతలు గియ్యమ్మా" అంది. గీతలు గీశాను. తరవాత సున్నాలు. గీతలూ సున్నాలూ వచ్చాక అక్షరాలు ఎంత దూరం? ధాన్యపు గాదె వెనక కూర్చుని, మగవాళ్ళకి తెలియకుండా, వంకరవేళ్ళతో అ ఆలు దిద్దాను. ఇప్పుడు మీరు చదువుతున్నది ఆ చేతి రాతే. మా అత్త రోజూ అటుగా వెళ్ళేది, చూసేది, ఏమీ అనేది కాదు.

ఈలోగా పెద్దలు కూర్చున్నారు. అమావాస్య నాడు కొలిమి ముట్టించిన దోషానికి ఏం చెయ్యాలని. మా ఆయన తల దించుకున్నాడు. మామగారు గడ్డం గోక్కున్నారు. "ముట్టించింది నేను. మళ్ళీ అలాగే జరిగితే మళ్ళీ ముట్టిస్తాను" అంది మా అత్త. అక్కడితో తీర్పు అయిపోయింది. దసరా నవమి నాడు వీధిలోని పనిముట్లన్నీ మా కొలిమి దగ్గర పేర్చి పూజ చేస్తారు. మొదటి దీపం మా ఇంటి పెద్ద ముత్తయిదువ వెలిగిస్తుంది. ఆ దీపం ఇక మా అత్త వెలిగించకూడదు, నేను వెలిగించాలి అన్నారు. ఇరవై ఏళ్ళుగా ఆవిడ వెలిగిస్తున్న దీపం!

"అలాగే నాయనా" అని మా అత్త లోపలికి వెళ్ళిపోయింది. ఆ రోజు అన్నం తినలేదు. నాకు ఒళ్ళంతా మళ్ళీ ఆ చక్రం దగ్గర ఇరుక్కున్నట్టే అయింది. ఒప్పుకుంటే ఆవిడకి అన్యాయం. ఒప్పుకోకపోతే, పెద్దల మాట కాదన్నందుకు మా ఇంటిని వెలేస్తారు. నన్ను విడిపించిన చెయ్యిని నా చేత్తోనే పక్కకి తోయమంటున్నారు. ఏడు నెలలు ఆ మాట కడుపులో పెట్టుకుని తిరిగాను.

నవమి వచ్చింది. మా అత్త ఎప్పటిలాగే తెల్లవారుజామున కుందె తోమింది, వత్తి చేసింది, నూనె పోసింది. అన్నీ చేసి, వెళ్ళి గుమ్మం పక్కన వెనగ్గా నిలబడింది. సుత్తులు, ఉలులు, పట్టకార్లు వరసగా పేర్చి ఉన్నాయి. ఎదురింటి పెద్దాయన, "రా అమ్మా కోడలు పిల్లా, వెలిగించు" అన్నాడు.

వెళ్ళాను. వెలుగుతున్న పుల్ల అందించారు. ఎడమచెయ్యి చాపాను.

"అయ్యో, ఎడమచేత్తోనా! అపచారం! కుడిచెయ్యి పెట్టమ్మా" అన్నాడు పెద్దాయన.

కుడిచెయ్యి ఎత్తి చూపించాను. వేళ్ళు ఎంత వంకరపోతాయో అంత వంకర పెట్టి, చిటికెనవేలి మొండి అందరికీ కనపడేలా. "ఇదేనండి నా కుడిచెయ్యి. ఇది పుల్ల పట్టదండి. పట్టినా వణికి దీపం ఆరిపోతే వీధి మొత్తానికి అరిష్టం కదండీ. తమరే చెప్పండి, ఎడమచేత్తో వెలిగించమంటారా?"

దీపం మా ఇంటి ఆడదే వెలిగించాలన్నది పెద్దాయన తాతల నాటి కట్టుబాటు. ఎడమచెయ్యి పనికిరాదన్నది అంతకన్నా పాతది. మా ఇంట్లో ఆడవాళ్ళం ఇద్దరమే. ఆయన మామగారి వంక చూశాడు, మామగారు దూలం వంక చూశారు. నేను మాత్రం దయ తలచలేదు. పుల్ల కాలుతూ నా ఎడమవేళ్ళ దాకా వస్తోంది, అయినా కదల్లేదు. ఆ రోజు ఐదిళ్ళ సుత్తులు నన్ను చూస్తూ గూళ్ళలో కూర్చున్నాయి కదా, ఇప్పుడు చూడనీ అనుకున్నాను.

"మా ఇంట్లో పనికొచ్చే కుడిచెయ్యి ఒక్కటే ఉందండి" అన్నాను. "అది మా అత్తగారిది."

పెద్దాయన, "సరే, కానివ్వండి, పొద్దెక్కుతోంది" అని గొణిగాడు.

మా అత్త వచ్చింది. నా చేతిలోంచి పుల్ల తీసుకుని, వంగి, వత్తి వెలిగించింది. చెయ్యి వణకలేదు. లేస్తూ లేస్తూ, దీపానికి దండం పెడుతున్నట్టు నా వైపు ఒరిగి, నాకు మాత్రమే వినపడేలా అడిగింది.

"పొద్దున్న పలక మీద రాసిన చెయ్యి ఏదే, దొంగదానా?"